ఫోనులో చెప్పలేని మాట

వదినా,

మీ అమ్మాయి కవిప్రియకు నాలుగో నెల నడుస్తున్నా నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. వేవిళ్ళే కదా అనుకున్నాం. నిన్న మూతి తుడుస్తుంటే, "నేను లేకుంటే మీకంతా నిమ్మళం కదత్తా" అనింది. వెంటనే ధర్మపురి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఇంత తీవ్రంగా వాంతులయ్యేవాళ్ళకు మనసు కూడా కుంగిపోవచ్చునని, రెండింటికీ వైద్యముందని, ఒంటరిగా మాత్రం వదలొద్దని డాక్టరమ్మ చెప్పింది. సెలైన్ ఎక్కించి ఇంటికి పంపారు. పాలు పితకడానికి తన పక్కనుంచి లేవాలన్నా నాకు భయంగా ఉంది.

"మాయమ్మకు చెప్పొద్దత్తా" అని ఒట్టు వేయించుకుంది. ఫోను చేస్తే వింటుందని ఇది రాసి మా అబ్బాయి మోహన్‌రాజ్ చేతికిచ్చాను. వాడి బండి మీదే వచ్చేయండి. చెప్పినందుకు తను నా మీద కోపగించుకోనీ వదినా, కోపగించుకోవడానికైనా పిల్ల మనకు మిగలాలి.

మీ వదిన