సుజాత చెప్పిన అబద్ధం

శుక్రవారం, ఏలూరు

ఇవాళ ఆసుపత్రిలో నేను నోరు విప్పలేకపోయాను.

తోడికోడలు సుజాతకి కాలిలో రక్తం గడ్డకట్టి, అందులో ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. మూడు రోజులుగా ఆక్సిజన్ మీదే ఉంది. "గర్భం రాకుండా వేసుకునే మాత్రలేమైనా వాడారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

ఆ మాత్రలు ఇచ్చింది నేనే. భీమడోలులో సుజాతవాళ్ల గృహప్రవేశం సరిగ్గా తన నెలసరి రోజుల్లో పడింది. ముహూర్తం మార్చేది లేదన్నారు అత్తయ్యగారు. నెలసరి వెనక్కి జరగడానికి నేను వాడే మాత్రలే రెండు అట్టలు ఇచ్చి, మధ్యలో ఆపకుండా రోజూ వేసుకోమన్నాను.

"అక్కా, పాప పుట్టినప్పుడు నాకు కాలిలో రక్తం గడ్డకట్టిందన్నారు కదా, ఫర్వాలేదంటారా?" అని అప్పుడే అడిగింది సుజాత.

"నాలుగేళ్లుగా వాడుతున్నాను, నాకేమైంది?" అన్నాను.

ఇవాళ సుజాత మాస్కు పక్కకి లాగి, నా వైపు చూడకుండా, "నేనే షాపులో కొనుక్కున్నానండీ" అంది.

"ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లు వీటిని ముట్టుకోనే కూడదమ్మా" అంది డాక్టరమ్మ.

అత్తయ్యగారు మండిపడ్డారు. "పెద్దవాళ్లని ఒక్క మాట అడగద్దా? మీ అక్కని చూసైనా నేర్చుకోవే!"

నాకు గుండె బరువు దిగినట్టయింది. తను ఆయాసపడుతుంటే నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

రేపు పొద్దున్నే అత్తయ్యగారికి చెప్పేయాలి. సుజాత కోలుకుంటే నన్ను చెప్పనివ్వదు. కోలుకోకపోతే ఇక ఎవరికీ తెలియదు. బస్సులో వస్తూ ఈ రెండో మాట కూడా అనుకున్నాను...