పొయ్యి మూలన తేనె రొట్టె

మెలిత్తా వదినా, ఎపిదౌరోస్ నుంచి నీ మరిది ల్యూకాన్‌ని. నేను బాగానే ఉన్నాను. అన్న మనకు దక్కలేదు. ఇంతకంటే మెల్లగా చెప్పడానికి ఈ కుండపెంకు మీద చోటు లేదు.

జబ్బు నయమవుతుందని అన్న చేత వైద్యదేవుడి గుడిలో నిద్ర చేయించాను. గుడి పాము వచ్చి అన్న గుండెల మీదుగా పాకింది. "దేవుడే తాకాడయ్యా, ఇక మీ అన్నకు ఢోకా లేదు" అంటూ పూజారి నా వీపు తట్టాడు. అన్న కళ్లు తెరిచి, "వచ్చావా నాన్నా? ఉండు, చెప్పులేసుకుంటా" అన్నాడు. నాన్న పోయాక మన పొయ్యి మూలకు చేరిన పామును అలాగేగా పిలుస్తాం! పూజారి మొహం పాలిపోయింది. గుడిలో ప్రాణం పోకూడదట, హద్దురాయి అవతలికి మోయించాడు. అక్కడ, నా ఒళ్లోనే పోయాడు.

ఆ చెప్పులు తెస్తున్నాను. నల్లమేక ఈనిందా? అమ్మకు నువ్వే చెప్పు, నావల్ల కాదు. పిల్లలకు నా దీవెనలు. ఇంట్లో కొత్త పాము కనబడితే వాళ్లను కర్ర ఎత్తనివ్వకు. పొయ్యి మూలన రోజూ తేనె రొట్టె ఒకటే పెడతావుగా, ఇక రెండు పెట్టు వదినా.