నూట ఇరవై ఏడు డిగ్రీల జ్వరం

కారా-బులున్, సోమవారం

తమ్ముడు మెదెర్‌కి, బూరుల్ అక్క దీవెనలు.

మంచుకి టవర్ కూలింది, ఫోన్లు లేవు. అందుకే బిష్కెక్ వచ్చే వ్యాన్ డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మా దవాఖానాకి నువ్వు బాగుచేసి పంపిన కంప్యూటర్ ఒళ్లు కాలిపోతోంది. నూట ఇరవై ఏడు డిగ్రీలని తానే చూపిస్తోంది. ఫ్యాన్ సున్నా అంటోంది. అది గుర్రుమని తిరగడం నాకు వినిపిస్తూనే ఉంది! ఇవాళ ఆన్ చేస్తే, ఫ్యాన్ లేదని కీచుమని ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నర్సుగా ఈ ఊరి జ్వరాలు చూస్తున్నాను, ఇంత జ్వరం ఎరగను. శుక్రవారం టీకాలు వస్తాయి. నలభై ముగ్గురు పిల్లల పట్టిక దాని కడుపులోనే ఉంది.

నీ అక్క,
బూరుల్

తా.క. కంగారుపడకు. కిటికీ తెరిచి పెట్టెను గట్టు మీద పెట్టాను. బయట మైనస్ ఇరవై నాలుగు. దానికి హాయిగానే ఉంది. రోగులే టోపీలు తీయనంటున్నారు.

---

బిష్కెక్, మంగళవారం

బూరుల్ ఎజేకి, మా అక్కకి, మీ తమ్ముడు మెదెర్ సలాములు.

ముందు కిటికీ మూయండి! కరెంటు తీసి, పెట్టెను లోపలికి తెచ్చి, ఒక పూట ఆగి ఆన్ చేయండి. చల్లటి ఇనుముకి చెమ్మ పడుతుంది. దానికి జ్వరం లేదు. నూట ఇరవై ఏడంటే అక్కడ వేడిని కొలిచే ముక్కే లేదని అర్థం. ఖాళీ చోటును చదివి ఆ వేడి చూపించే ప్రోగ్రామ్ నోటికొచ్చింది చెబుతోంది. ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కితే ఒక తెర వస్తుంది, అందులో ఉన్నది నమ్మండి. తిరిగే ఫ్యాన్‌ని సున్నా అంటోందంటే దాని తీగ పక్క పిన్నులకి తగిలించి ఉంటుంది. ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసిన చోట పెట్టండి. పెట్టె ఎవరు తెరిచారు?

మీ,
మెదెర్

తా.క. తడిగుడ్డ వేయకండి. గొర్రె తోక కొవ్వు అసలే రాయకండి. మీ వైద్యం నాకు తెలుసు.

---

కారా-బులున్, బుధవారం

తమ్ముడూ, నూరేళ్లు బతుకు.

తీగ మార్చాను. ఫ్యాన్‌కి సున్నా పోయి నిమిషానికి పదకొండు వందల ఎనభై చుట్లు వచ్చాయి. ఆ తెరలో వేడి నలభై ఆరే. పట్టిక క్షేమం. తెరిచింది మీ బావ సాగిన్. దుమ్ముందని గుర్రాన్ని తోమే బ్రష్షుతో తోమాడట. “గుర్రం ఎప్పుడూ కీచుమనలేదే!” అంటాడు.

కానీ కొత్త తంటా. నీ ఉత్తరం పైకి చదివాను, వరండాలో అందరూ విన్నారు. బీపీ నూట ఎనభై ఉన్న తోక్తొసున్ ముసలాయన, “అక్కడ కొలిచే ముక్కే లేదమ్మా, మెదెర్ రాశాడు” అని మాత్ర మింగనన్నాడు. ఆయన కోడలు కాటా దిగి, తన తొంభై కిలోలూ ఖాళీ చోటేనంది.

నీ అక్క,
బూరుల్

తా.క. కొవ్వు రాయలేదు. మూత బిగుసుకుపోతే అంచుకి కాస్త, అంతే.

---

బిష్కెక్, గురువారం

బూరుల్ ఎజేకి, సలాములు.

కొలతలన్నీ అబద్ధం కావని ముసలాయనకి చెప్పండి. అనుమానముంటే రెండో పనిముట్టుతో చూడాలి. రెండూ ఒకటే చెబితే నోరు మూసుకుని మాత్ర మింగాలి.

మీ,
మెదెర్

తా.క. కొవ్వు తుడిచేయండి. ఎలుకలకి తీగలంటే ఎలాగూ ఇష్టమే, మీరు తాలింపు కూడా పెట్టారు.

---

నారిన్ పెద్దాసుపత్రి, ఆదివారం

తమ్ముడు మెదెర్‌కి, దీవెనలు.

టీకాలయ్యాయి. నలభై ముగ్గురూ పట్టిక వరసలోనే ఏడ్చారు. రెండో మిషన్ కూడా నూట ఎనభై అనేసరికి తోక్తొసున్ మాత్ర మింగాడు. అప్పుడే మీ బావ దగ్గుతూ వచ్చాడు. బ్యాటరీ థర్మామీటర్ జ్వరమే లేదన్నట్టు ముప్ఫై ఆరున్నర చూపించింది. “నాటకాలాపి గుర్రాలకి గడ్డి వెయ్యి” అన్నాను. “రెండో దానితో చూడు! మాకేనా నీతులు?” అన్నాడు ముసలాయన. ఆయన నోరు మూయించాలని నుదుటి మీద చెయ్యేశాను. తందూరులా ఉంది. పాత పాదరసం గొట్టం పెడితే ముప్ఫై తొమ్మిది పాయింట్ ఎనిమిది!

బ్యాటరీదాన్ని వేడి టీ గ్లాసులో ముంచాను. టీకి కూడా ముప్ఫై ఆరున్నరే. ఎన్నాళ్లుగా అందరికీ అదే చెబుతోందో! పాదరసం గొట్టంతో ఇల్లిల్లూ తిరిగాను. ఇద్దరు పిల్లలకి జ్వరం బయటపడింది, మందిచ్చాను. మీ బావకి ఊపిరితిత్తుల్లో నెమ్ము. వ్యాన్‌లో ఇక్కడికి తెచ్చాం. గండం గడిచిందన్నాడు డాక్టరు.

నీ అక్క,
బూరుల్

తా.క. జ్వరం దిగింది, మీ బావ నుదుటి మీంచి చెయ్యి తీయబోయాను. “ఉంచు” అన్నాడు కళ్లు తెరవకుండా. వార్డంతా చూస్తోంది. ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరైతే ఏమనుకోకు.