నల్లమద్ది కింద యాడి

మద్దికుంట తండా,
ఆగస్టు 21, 2024.

నేస్తురాలు భవానికి,

కవిత నమస్కారాలు. మణుగూరులో మీ బాపు సారయ్య గారికీ, అనంతమ్మ గారికీ నా దండాలు చెప్పు. బాపు మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ డ్యూటీకి ఎక్కారని అనుకుంటున్నాను. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. వానలు అదునుకు పడ్డాయి. పత్తి నడుము దాకా వచ్చింది.

నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను సరిగా మాట్లాడలేదు. కోపం వచ్చి ఉంటుంది. నా ఫోన్ ఇప్పుడు నా దగ్గర ఉండదు భవానీ, మా అన్న సంతోష్ దగ్గర ఉంటుంది. యాడిని ఏ రోజు చూడొచ్చు, ఏం తేవాలి అని ఊళ్ళ నుంచి ఫోన్లు వస్తుంటాయి, తనే జవాబు చెబుతాడు. నువ్వు చేసినప్పుడు తెచ్చి ఇస్తాడు కానీ నా చుట్టూ జనం ఉంటారు. వాళ్ళ ముందు నీతో ఏం మాట్లాడను? అందుకే ఈ కాలంలో కూడా కాగితం మీద రాస్తున్నాను.

యాడి అంటే మా భాషలో అమ్మ. ఇప్పుడు ఇక్కడ యాడి అంటే నేను.

మా తండా మొదట్లో ఉన్న నల్లమద్దిని నువ్వు చూశావు. మొసలి వీపులాంటి ఆ బెరడు మీద చెయ్యి పెట్టి, దీనికి ఎంత వయసుంటుందని అడిగావు. మా వాళ్ళెవరూ చెప్పలేకపోయారు. మా ముత్తాతల ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని సముద్రం వైపు నుంచి ఈ అడవుల్లోకి వచ్చేవాళ్ళట. ఎండాకాలం ఏ వాగులోనూ నీళ్ళు లేనప్పుడు ఈ చెట్టుకు గాటు పెట్టి, కారిన నీళ్ళు తాగి బతికారని చెబుతారు. ఆ చెట్టు కిందే ఎద్దులు విప్పి నిలిచిపోయారు, తండా అయ్యింది. వాగు అవతలి కోయవాళ్ళు మాకంటే ముందు నుంచే దానికి మొక్కుతున్నారు. ఇప్పటికీ విత్తనాలు చల్లే ముందు వచ్చి దాని మొదట్లో గింజలు పెట్టి పోతారు. మా పెద్దల సమాధులన్నీ దాని చుట్టే. పోడు భూములకు పట్టాలు అడిగినప్పుడు, మీరు ఇక్కడివాళ్ళేనని రుజువేమిటని అధికారులు అడిగితే మా ముసలివాళ్ళు ఆ చెట్టు కిందికే తీసుకెళ్ళి చూపించారు. ఆ మాట నిలబడింది. పట్టాలు వచ్చాయి.

ఈ ఎండాకాలంలో బొగ్గు లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చెట్టుకు ఎర్రరంగు గుర్తు వేశారు. పిటిషన్లు ఇచ్చాం. చూస్తామన్నారు. చూస్తుండగానే మిషన్లు వచ్చాయి. ఆ రోజు ఆడవాళ్ళందరం చెట్టు చుట్టూ కూర్చున్నాం. రోడ్డు సూపర్వైజర్ మంచిగానే మాట్లాడాడు. దీని బదులు వంద మొక్కలు నాటిస్తామన్నాడు. తరవాత ఒక్కొక్కరినీ పక్కకు జరపడం మొదలుపెట్టారు. మా పెద్దవ్వ కింద పడింది. మిషన్ కొక్కెం బెరడుకు తగిలి చెక్క ఊడింది. అప్పుడు నేను జుట్టు విప్పేశాను.

నీ దగ్గర దాపరికం లేదు. నా మీదికి ఏ దేవతా రాలేదు. సీత్లా అమ్మవారి పండుగల్లో పూనకం వచ్చినవాళ్ళను చిన్నప్పటి నుంచి చూశాను కనుక ఎలా ఊగాలో తెలుసు. ఊగాను, అరిచాను, పేరుపేరునా పెద్దలను పిలిచాను. మిషన్ నడిపే మనిషి దిగి చెప్పులు విడిచి దండం పెట్టాడు. సూపర్వైజర్ ఎంత చెప్పినా మళ్ళీ ఎక్కలేదు. పని ఆగిపోయింది.

ఒక్క పూట నాటకం అనుకున్నాను. మర్నాటి నుంచి జనం. పక్క తండాల నుంచి, పాల్వంచ కాలనీల నుంచి కూడా వచ్చారు. నువ్వు పనిచేసే పాల్వంచ దవాఖానాలో, నీ చలవతో దొరికిన నర్సు ఉద్యోగంలో చేరడానికి బయలుదేరిన రోజు మా తండా పెద్ద, నాయక్ రామ్‌సింగ్ తాత నా సంచీ పట్టుకున్నాడు. "బిడ్డా, గిప్పుడు నువ్వు పోతే మిషన్లు మల్లొస్తయ్. రోడ్డు వంకర తిప్పుతమని కాయితం వచ్చేదాంక ఉండు" అన్నాడు. బెదిరించలేదు, బతిమాలాడు. రోడ్డు కొలత పెగ్గులైతే వాగు వైపుకు మార్చి పాతారు. కాగితం మాత్రం నేటికీ రాలేదు.

మంగళవారాలు చెట్టు కింద కూర్చోవాలి. ఒంటరిగా వాగుకు పోకూడదు, యాడికి దిష్టి తగులుతుందట. నేను నవ్వితే మంచి శకునం, నవ్వకపోతే ఎవరో తప్పు చేసినట్టు. నాతో చదువుకున్న పిల్లలు కూడా నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. కవితా అని పిలిచేది ఇప్పుడు అమ్మ ఒక్కతే, అదీ తలుపు మూశాక.

మొదట్లో దీనిలోనూ ఒక మంచి కనిపించింది. ఒకావిడ జ్వరంతో కాలిపోతున్న బిడ్డను తెచ్చి విభూతి అడిగింది. మలేరియా అని నాకు అర్థమైంది. మామూలుగా చెబితే వినరని ఊగుతూ చెప్పాను, భద్రాచలం దవాఖానాకు తీసుకుపొమ్మని. వెళ్ళారు. బిడ్డ బతికింది. ఇలా చాలామందిని పంపాను. చదివిన చదువు ఈ రకంగానైనా పనికొస్తోందని సంతోషించాను కూడా. కానీ బతికినవాళ్ళంతా తిరిగొచ్చి చెట్టుకు మొక్కారు. దవాఖానా పేరు ఎవరూ ఎత్తలేదు. క్రమంగా, యాడి చెప్పందే దవాఖానాకు పోకూడదన్న మాట పుట్టింది.

పోయిన వారం పక్క తండా నుంచి తుల్సీరాం అనే అతన్ని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు. చేలో కలుపు తీస్తుంటే పాము కరిచింది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఏ దారిన వచ్చారని అడిగాను. మందులున్న దవాఖానా ముందు నుంచే వచ్చారు భవానీ. దాని గేటు ముందు నుంచి, ఆగకుండా, నా దగ్గరికి. జల్దీ వెనక్కి తీసుకుపొమ్మని అరిచాను. వాళ్ళు కదలలేదు. మాట్లాడుతున్నది కవిత, యాడి కాదు. వాళ్ళు యాడి కోసం ఎదురుచూస్తున్నారు. ప్రాణం పోతున్న మనిషి ముందు నేను జుట్టు విప్పుకుని ఊగాల్సి వచ్చింది. ఊగి చెప్పాకే బండి కదిలింది. దారిలోనే పోయాడు.

అతని భార్య పుష్ప నిన్న వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. నా కాళ్ళ మీద తల పెట్టి, "ఎట్ల బోయినా నీ కండ్ల ముందటికి వచ్చి పోయిండు యాడీ, గంతే చాలు" అంది.

అప్పుడు లేచి నిలబడి అందరికీ నిజం చెప్పేశాను. మంగళవారం కాబట్టి చాలా జనం ఉన్నారు. నా మీదికి ఎవరూ రాలేదని, చెట్టును కాపాడటానికి అలా చేశానని, పాము కరిస్తే దవాఖానాకే పోవాలని, మామూలు గొంతుతో, ఏడవకుండా చెప్పాను. ఒక ముసలమ్మ, "యాడి అలిగింది. మనం ఏదో తప్పు జేసినం" అంది. రామ్‌సింగ్ తాత పాగా తీసి నేల మీద పెట్టాడు. వరసగా అందరూ సాగిలపడ్డారు. కొబ్బరికాయలు పగులుతూనే ఉన్నాయి. నిజం చెబితే తలుపు తెరుచుకుంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ తలుపు లేదని నిన్న తెలిసింది.

పారిపోవచ్చు. బస్సెక్కితే పాల్వంచ ఎంత దూరం? కానీ యాడి చెట్టును వదిలేసి పోయిందనే మాట రోడ్డు వాళ్ళకు చేరితే చాలు. ఆ తరవాత మా పెద్దల సమాధుల మీద తారు పోస్తారు. ఉంటే మరో తుల్సీరాం వస్తాడు.

అందుకే రాస్తున్నాను. నెలాఖరు దాకా గడువిచ్చారన్నావు కదా, ఇక నా కోసం ఆగొద్దని మీ సూపరింటెండెంట్ మేడమ్‌తో చెప్పు. ఆ ఉద్యోగం ఎవరైనా అవసరమున్న పిల్లకు ఇవ్వమను. నేను రాయడం చూసి ఏమిటని అమ్మ అడిగింది. నౌకరీ వద్దని రాస్తున్నానని చెప్పాను. పొయ్యి మీది రొట్టె తిరగేసింది.

నన్ను మరచిపోకు. నువ్వైనా నన్ను పేరుతోనే తలుచుకో.

నీ
కవిత

తా.క.: కవరు అంటించాను కానీ పంపలేదు, ఇప్పుడు బస్టాండులో విప్పి ఇది రాస్తున్నాను. ఇవాళ మళ్ళీ మంగళవారం. మేడమ్‌కు ఏమీ చెప్పొద్దు, నేను వస్తున్నాను. ఈ ఉత్తరం నేనే నీ చేతికిస్తాను. నోటితో చెప్పడం నా వల్ల కాదు.

మా అమ్మ చాంది నీకు తెలుసు కదా, నాన్న పోయినప్పటి నుంచి మగవాళ్ళ ముందు గొంతెత్తి ఎరగదు. పొద్దున చెట్టు కిందికి నాకు రొట్టెలు తెచ్చింది. మూట కింద పెట్టి, కొంగు జారవిడిచి, జుట్టు విరబోసుకుంది. ఆ గొంతు అమ్మదంటే నేనే నమ్మలేకపోయాను. "ఇన్నొద్దులు గీ పిల్ల మీద కూసున్న. ఇగ పిల్ల జాగా దవాఖానా. ఆడికి తోలుండ్రి. పాము గరిచినోడు, జరమొచ్చినోడు సక్కగ దవాఖానకే పోవాలె. నా కాడికి దండం బెట్టుకునేతందుకే రావాలె. చాంది మీద నేనుంట. చెట్టు మీద గొడ్డలి ఎవడు పెడ్తడో చూస్త" అంది. రామ్‌సింగ్ తాతే సంతోష్‌ను బండి తియ్యమన్నాడు. నా సంచీ ఆయనే తెచ్చి ఇచ్చాడు.

అమ్మ సొమ్మసిల్లినట్టు పడిపోతే నేను పట్టుకున్నాను. అలవాటు కొద్దీ వేళ్ళు మణికట్టు మీదికి పోయాయి. అంతసేపు ఊగిన మనిషి నాడి నిద్రపోయే మనిషి నాడిలా నిదానంగా కొట్టుకుంటోంది. కళ్ళు తెరవకుండానే, నాకొక్కదానికే వినపడేలా, "జల్దీ పో కవితా" అంది.

వచ్చేశాను. అమ్మ అక్కడ చెట్టు కింద కూర్చుని ఉంది.