బ్యాంకాక్‌లో అరటిపండు

9 జనవరి 2006, సోమవారం

నిర్ణయం అయిపోయింది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంటున్నాను.

మోకాళ్ల డాక్టరు ఇవాళ కూడా అదే మాట అన్నాడు. ఈ బరువు మీద కొత్త మోకాలు వేసినా నిలవదమ్మా, ముందు నలభై కిలోలు దించుకుని రండి అన్నాడు. నెత్తిమీది గంప దించమన్నంత సులువుగా చెప్పాడు. నూట ఇరవై నాలుగు కిలోలున్నాను. డైరీలో దాచేదేముంది. వాకింగ్ చేశాను. గోధుమగడ్డి రసం తాగాను. అమీర్‌పేటలో పొట్టకు కరెంటు బెల్టు కట్టే సెంటరుకూ పోయాను. తగ్గాను, పెరిగాను. పెరిగిన ప్రతిసారీ కాస్త ఎక్కువే పెరిగాను.

నాకు నలభై ఒక్కేళ్లు. బేగంబజార్‌లో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు. మామయ్య పోయినప్పటి నుంచి గల్లా దగ్గర నేనే. మా ఆయన కొండల్‌కు బేరమంటే మొహమాటం, గోదాము చూసుకుంటాడు. నాకా మొహమాటం లేదు. ఎవరు ఏ రేటు చెప్పినా దాని వెనక అసలు రేటెంతో నాకు తెలిసిపోతుంది. ఆపరేషన్ కూడా ఒక సరుకే. నాలుగు చోట్ల కనుక్కుని కొంటాను.

17 జనవరి

కిషన్‌బాగ్‌లో మా సందు మొదట్లో నెట్ సెంటర్ ఉంది. రెండు గంటలు కూర్చున్నాను. అమెరికా రేటు చూసి నవ్వొచ్చింది. సింగపూర్ కూడా కాని పనే. బ్యాంకాక్ బాగుంది. ప్యాకేజీ అట. ఆపరేషన్, రూము, మందులు, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, తోడు వచ్చినవాళ్లకు మంచం, అన్నీ కలిపి ఆరు లక్షలు.

మన ఊళ్లోనూ ఒకరిద్దరు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారట. ఇక్కడ వద్దు. ఇక్కడైతే బజారంతా ఆపిల్ పండ్లు పట్టుకుని చూడ్డానికి వస్తుంది. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకుందట అని మెట్లు దిగుతూనే మొదలుపెడుతుంది. ఆ మాట నేను పడను. స్టీలు మార్కెట్ చూడ్డానికి బ్యాంకాక్ పోతున్నామని చెప్తాను. సన్నబడి వస్తాను. అడిగితే అక్కడి నీళ్లు పడలేదంటాను.

2 ఫిబ్రవరి

ఈమెయిల్‌లో బేరం చేశాను! నలభై వేలు తగ్గించారు. ఆస్పత్రులు కూడా తగ్గిస్తాయని ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? అడ్వాన్స్ కట్టేశాను.

కొండల్ మాత్రం అన్నం కలుపుతూ, "నాకైతే నువ్వు గిట్లనే మంచిగున్నవ్" అన్నాడు. మోకాళ్లు నీవి కావు కదా అన్నాను.

ఆయనకు రాత్రి నా గురక మధ్యలో ఆగితే భయం. నేను నిద్రలో ఊపిరి ఆపేస్తానట. లేచి కూర్చుని, మళ్లీ వచ్చేదాకా చూస్తాడట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, నా తోడికోడలు బుచ్చమ్మ.

6 ఫిబ్రవరి

తోడు బుచ్చమ్మ వస్తుంది. నా యారాలు. మా మరిది అంజన్న పెళ్లాం. ముప్పై నాలుగేళ్లు. మనిషి నాకంటే ఒక పిసరు తక్కువ లావు, అంతే. మా ఇద్దరినీ చూసి ఆటోవాళ్లు ఆగరు. ఆగినా ఒక్కరికే సీటంటారు.

పధ్నాలుగేళ్లుగా మగవాళ్లు తిన్నాక ఇద్దరం వంటింట్లో కూర్చుని తింటున్నాం. గిన్నెలన్నీ ముందు పెట్టుకుని, కాళ్లు చాపుకుని. రోజు మొత్తంలో నేను ఎవరికీ రేటు చెప్పని గంట అదొక్కటే.

నాతో రావాలి, పాస్‌పోర్టు తీయిస్తాను అంటే ఎందుకని కూడా అడగలేదు. "నువ్వు రమ్మంటె వస్త గదక్కా" అంది. నేను ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది.

11 మార్చి, బ్యాంకాక్

విమానంలో సీటుబెల్టు ఇద్దరికీ చాలలేదు. ఎయిర్‌హోస్టెస్ ఎక్స్‌ట్రా ముక్క తెచ్చి తగిలించింది. నాకు చచ్చినంత పనైంది. బుచ్చమ్మ మాత్రం ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, బిడ్డా, చాయ్ గిట్ల ఉందా అని తెలుగులో అడిగింది. చాయ్ వచ్చింది కూడా.

ఆస్పత్రి పెద్ద హోటల్‌లా ఉంది. చెప్పిన కారు చెప్పిన టైముకు వచ్చింది. మిగతాది కూడా కట్టేశాను. డబ్బు వృథా కాలేదు.

13 మార్చి

టెస్టులు. రక్తం, గుండె, ఊపిరితిత్తులు, గొంతులోంచి కెమెరా. గురువారం ఆపరేషన్.

14 మార్చి, మధ్యాహ్నం

కాదట.

కడుపులో పుండ్లు ఉన్నాయి. ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పికి నేను మింగిన బిళ్లల పని. డాక్టరు ఫోటో చూపించాడు. ఎర్రగా, గుంటలు గుంటలుగా ఉంది. ఇది మానకుండా కత్తి పెట్టను, రెండు మూడు నెలలు మందులు వాడి రండి అన్నాడు. మళ్లీ రావడమంటే మళ్లీ టికెట్లు, వీసా, రూము. ప్యాకేజీ కాగితం తిరగేశాను. కట్టింది వాపసు రాదు. ఆరు నెలల్లోపల వాడుకోవాలి. లేదా కుటుంబంలో ఇంకొకరికి మార్చుకోవచ్చు.

అదే రోజు, సాయంత్రం

కుటుంబంలో ఇంకొకరు నా పక్కనే కూర్చుని ఆస్పత్రివాళ్లిచ్చిన మాస్కు కుట్లు లెక్కపెడుతోంది.

బుచ్చమ్మకు చేయిస్తే? మనిషి గట్టిది. రోగం నొప్పి లేదు. రేపు నాలాగే మోకాళ్లు పోకముందే అయిపోతుంది. నాది తర్వాత చూసుకుంటాను. అంజన్నకు ఫోన్ చేశాను. "ఒదినే, నువ్వెట్లంటె గట్ల" అన్నాడు. డాక్టరు బుచ్చమ్మను నిలబెట్టి చూసి, ఆమెకు ఇష్టమైతే టెస్టులు చేద్దాం అన్నాడు.

బుచ్చమ్మకు చెప్పాను. అన్ని లక్షలు పోతయా అక్కా అని అడిగింది. పోతాయన్నాను. సరే అంది.

15 మార్చి

బుచ్చమ్మ టెస్టులన్నీ క్లియర్. గుండె గుర్రంలా ఉందట.

సాయంత్రం హిందీ వచ్చిన కౌన్సెలర్ అమ్మాయి వచ్చింది. గంటసేపు చెప్పింది. ఇక మీదట పళ్లెం ఉండదు, చిన్న గిన్నె. నాలుగు చెంచాలు, అరగంట. అన్నం, మాంసం గొంతు దిగకపోవచ్చు. తీపి తింటే కళ్లు తిరిగి చెమటలు పట్టొచ్చు. మొదటి ఏడాది జుట్టు ఊడొచ్చు. విటమిన్లు బతికున్నన్నాళ్లూ. ఇదంతా నాకు తెలుసు, నెట్‌లో చదివాను. కానీ నేను రేటు కాలమ్ పక్కన ఉన్నవి మాత్రమే శ్రద్ధగా చదివానని ఆ అమ్మాయి చెప్తుంటే అర్థమైంది.

బుచ్చమ్మ ఒక్కటే అడిగింది. నచ్చకపోతే మళ్లీ పెద్దగ చేస్తరా అని. ఆ అమ్మాయి లేదంది. తర్వాత, ఆపరేషన్ కావాలని అనుకున్నది ఎవరు అని అడిగింది. బుచ్చమ్మ నా వైపు చూసింది. మేమిద్దరం కలిసే అనుకున్నాం అని నేనే చెప్పాను.

సంతకాలైపోయాయి. ప్యాకేజీ బుచ్చమ్మ పేరుకు మారింది, ఇక వెనక్కి మారదు. పొద్దున ఎనిమిదిన్నరకు థియేటర్. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదు.

16 మార్చి, ఉదయం

ఏడు గంటలకు బుచ్చమ్మ రూముకు వెళ్లాను. ఆస్పత్రి గౌను వేసుకుని, మంచం మీద మఠం వేసుకుని కూర్చుని అరటిపండు తింటోంది. పక్కన రెండు తొక్కలు. అది మూడోది.

నా కళ్ల ముందే చివరి ముక్క నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగి, అప్పుడు మాట్లాడింది.

"తిన్ననక్కా. ఇంక కొయ్యరు గదా."

తెలియక తిన్నావా అని అరిచాను.

"తెలిసే తిన్న. నీ మొకం జూస్తె వద్దని చెప్పరాలే. నాకేమైందక్కా? బిందెల మూట నెత్తిన పెట్టుకొని గోదాము మెట్లెక్కుత. పండుకుంటె తెల్లారిందాక లేవ. నువ్వు చెప్పింది ఎన్నడన్న కాదన్ననా? గిది మాత్రం నా కడుపు."

నర్సు వచ్చి తొక్కలు చూసింది. డాక్టరును పిలిచింది. ఇష్టం లేని మనిషికి చెయ్యను అంటూ ఆయన నా వైపు చూసిన చూపు నేను మరచిపోను.

16 మార్చి, మధ్యాహ్నం

టికెట్లతో కలిపి ఆరు లక్షలు మూడు అరటిపండ్లకు పోయాయి. పధ్నాలుగేళ్లు కడుపులో పెట్టుకుని చూసుకున్నాను దీన్ని. పట్టు చీరలు కొన్నాను. అంజన్నకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది నేను. నాకోసం ఇంత చేయలేదా?

17 మార్చి

ఆస్పత్రి గది ఖాళీ చేసి హోటల్‌కు మారాం. నా పెట్టె దాన్ని ముట్టనివ్వలేదు.

18 మార్చి

ఇవాళ నిద్ర లేచేసరికి హోటల్ గదిలో బుచ్చమ్మ లేదు. భాష రాదు, పర్సు నా దగ్గరే ఉంది, హోటల్ పేరు కూడా నేను చెప్పలేదు. కిటికీ తెరిచాను. మాది నాలుగో అంతస్తు.

కింద వీధిలో కనిపించింది. ఆకుపచ్చ చీర, నెత్తిన కొంగు లేదు. పూలు గుచ్చే ఒక ముసలామె దగ్గర గొంతుక్కూర్చుని తనూ గుచ్చుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఏ భాషలో మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి. తర్వాత నేలమీద చెయ్యి కూడా ఆనించకుండా లేచింది. చేతులు ఊపుకుంటూ వీధి చివరిదాకా నడిచింది, వెనక్కి వచ్చింది. ఊరికే. నడవడం బాగుందని నడిచింది.

నేను అలా లేచి ఎన్నేళ్లైంది? అలా ఊరికే నడిచి?

ఆ ఒళ్లు దానికి బరువు కాదు. ఎప్పుడూ కాలేదు. బరువు నాకు. నా రోగానికి కొన్న మందు దాని నోట్లో పోయబోయాను, డబ్బు వృథా కాకూడదని.

అది పైకి వచ్చాక తప్పు నాదే అన్నాను. నాకిలాంటి మాటలు రావు. అది జడ విప్పుకుంటూ, "ఆకలైతుంది, కిందికి పోదామా" అంది. పోయాం.

29 మార్చి, హైదరాబాద్

వచ్చిన వారానికే పొద్దున్నే కడుపులో మంట, మెలిపెట్టినట్టు నొప్పి. బ్యాంకాక్‌కు మెయిల్ చేశాను. మర్నాడు జవాబొచ్చింది. చాలా మర్యాదగా రాశారు. మీ ఊళ్లో ఉన్న డాక్టరును సంప్రదించండి. మా వీధి డాక్టరు దగ్గరికి పోతే, కెమెరా వేసినవాళ్లనే అడగండమ్మా అన్నాడు.

మంచం మీద ముడుచుకుని పడుకుని ఆలోచించాను. ఇది ఉత్త పుండు. కడుపు కోసి కుట్టాక నొప్పి ఇలా లేచి ఉంటే? కుట్టు వదిలి ఉంటే? కుట్టినాయన సముద్రం అవతల. ప్యాకేజీలో ఇంటికి వచ్చాక అన్న లైనే లేదు. ఇరవై మెయిళ్లు రాశాను నేను. ఆ లైను ఏదని ఒక్కదానిలోనూ అడగలేదు.

14 జులై

పుండ్లు మానాయి. ఈ ఊరి కెమెరాతోనే చూశారు.

ఇవాళ ఇక్కడి సర్జన్‌ను కలిశాను. కుర్రాడు, కళ్లజోడు. ఈసారి రేటు చివర అడిగాను. ముందు, ఎంతమందికి చేశారు, ఎంతమంది బాగాలేరు అని అడిగాను. దాచకుండా చెప్పాడు. ఇద్దరికి మళ్లీ తెరవాల్సి వచ్చిందట. వాళ్లతో మాట్లాడతానన్నాను. ఒకామె ఫోన్ నంబరు, ఆమెను అడిగే ఇచ్చాడు. ఉప్పుగూడలో ఉంటుంది. వెళ్లాను. రెండు గంటలు కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఏడ్చింది, మళ్లీ చేయించుకోమంటే చేయించుకుంటానని కూడా అంది.

చేయించుకుంటాను. భయం లేదని కాదు. ఇప్పుడు దేనికి భయపడాలో తెలుసు.

23 ఆగస్టు

అయిపోయింది. నొప్పి ఉంది. రాత్రంతా కొండల్ కుర్చీలో కూర్చున్నాడు.

27 ఆగస్టు

ఆపిల్ పండ్లు వచ్చాయి. బజారంతా వచ్చింది. అనాల్సినవన్నీ అన్నారు. నాకేం కాలేదు. ఇత్తడి సామాన్ల బాలనర్సింహ మాత్రం తలుపు దగ్గర ఆగి, ఎంతైంది అక్కా, మా ఇంటామెకు కూడా అడుగుత అని గుసగుసగా అన్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. డబ్బు సంగతి చివర చెప్పాను.

5 నవంబరు

ముప్పై ఒక్క కిలోలు తగ్గాను. గురక ఆగిపోయింది. గురక లేక నిద్ర పట్టడం లేదని కొండల్ గొణుగుతున్నాడు.

ఇన్నాళ్లూ బుచ్చమ్మ వెనక గదిలో తింటోందని ఇవాళ తెలిసింది. నా ముందు తినడం బాగుండదని. వెళ్లి పళ్లెంతో సహా వంటింట్లోకి లాక్కొచ్చాను. అది బగారా అన్నం, దాల్చా తింది. నేను నా గిన్నెలో నాలుగు చెంచాల పప్పు తిన్నాను. దాని పళ్లెం చూస్తుంటే నోరూరింది. ఏడుపు కూడా వచ్చింది. ఆకలి లేదు, అదే బాధ. తినాలని ఉండి ఆకలి లేకపోవడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు.

బుచ్చమ్మ తినడం ఆపింది. ఆపొద్దన్నాను. బజారు కబుర్లు చెప్పుకుంటూ గంట కూర్చున్నాం, కాళ్లు చాపుకుని.

12 ఫిబ్రవరి 2007

జహీరాబాద్ గిరాకీ ఏడాది తర్వాత షాపుకు వచ్చాడు. గల్లా పక్కన నిలబడ్డ నన్ను గుర్తుపట్టక, దాటుకుని చూసి, గల్లాలో కూర్చునే సేఠానీ లేదా అని అడిగాడు. గోదాములోంచి వస్తున్న బుచ్చమ్మను చూపించి, గామెనే అన్నాను. బుచ్చమ్మ నా వైపు ఒకసారి చూసి గల్లాలో కూర్చుంది, రేటు చెప్పింది. నేను చెప్పేదానికన్నా ఎక్కువే చెప్పింది. అతను ఇచ్చాడు.