పదిహేడో సంచి

నాందేడ్,
నవంబర్ 3.

సర్ఖని సంగన్న తాతకు, చూడని మనవరాలు కాజల్ నమస్కారం చేసి రాస్తున్నది.

నేనెవరో మీకు తెలియదు. మాది నాందేడ్‌లో గిన్నెల దుకాణం. వ్యవసాయ కళాశాలలో మట్టిశాస్త్రం చదివాను. చదువయ్యాక ఏడాదిగా బాబురావ్ సర్ దగ్గరే సహాయకురాలిగా ఉన్నాను. అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరుల పొలాల మట్టిని జల్లెడ పడుతుంటాను. మీకు మరాఠీ చదవడం రాదని, తెలుగైతే చదువుతారని సర్ చెప్పారు. ఆఫీసులో తెలుగు రాసేది నేనొక్కదాన్నే కాబట్టి ఈ పని నాకు దక్కింది. మీ ఫోనుకు పదకొండుసార్లు చేశాను, అందలేదు.

సర్ డిసెంబర్ ఆఖరున రిటైరవుతున్నారు. ముప్పై నాలుగేళ్ళు మట్టి తప్ప మరొకటి చూడని మనిషి. ఏ ఊరు వెళ్ళినా ముందు వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలుపుతారు, ఆ తర్వాతే మనుషులను పలకరిస్తారు. క్లాసులో ఇప్పటికీ సుద్దముక్కతోనే పాఠం. ఆ సుద్దముక్కలు వెలిసిపోయిన ఒక గుడ్డసంచిలో ఉంటాయి. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు. ‘మంచి నేల దొరకదు, తయారైతది’ అని ప్రతి బ్యాచికీ చెబుతారు. ఆ మాట ప్రతి బ్యాచీ నోట్సులో రాసుకుని మరిచిపోతుంది.

ఆయన జీవితం మీద మేమొక చిన్న పుస్తకం వేస్తున్నాం. అన్నీ అయ్యాయి, మొదటి పేజీ తప్ప. 1991లో సర్ మీ చెల్క పొలం నుంచి తెచ్చిన నమూనా ఒకటుంది, నంబరు పదిహేడు. అంతటి రాళ్ళ నేలలో అంత బలమైన మట్టి ఎక్కడిదన్న ప్రశ్న దగ్గరే ఆయన పరిశోధన మొదలైంది. ఆ తర్వాత నాలుగుసార్లు మీ దగ్గర మట్టి తెప్పించారు, ఒక్కటీ దానితో కలవలేదు. ఆ సంగతి తేలనిదే పుస్తకం అచ్చుకు పోవద్దంటున్నారు. ఏడాదిలో ఆయన నోటివెంట గట్టిగా వచ్చిన మాట అదొక్కటే.

అందుకని ఏదైనా సంచిలో అరకిలో మట్టి, సరిగ్గా అప్పుడు తీసిన చోటు నుంచే తీసి పంపండి. తీసినవారు ఎవరో కాగితం మీద పేరు రాయాలి. అది ముఖ్యం.

ఇట్లు,
కాజల్

తా.క. మైసవ్వ ఎలా ఉందో తప్పకుండా అడగమన్నారు. జ్వరంతో మీ ఇంట్లో మూడు రోజులు పడుకున్నప్పుడు ఆమె పోసిన జొన్న గటక గురించి నాకు ఇప్పటికి ఆరుసార్లు చెప్పారు.


సర్ఖని,
నవంబర్ 9.

నాందేడ్ల పెద్ద బడిల ఉండే కాజల్ బిడ్డకు సంగన్న రాం రాం.

నీ ఉత్తరం అచ్చింది. తెలుగుల రాసినవు, మంచిగనిపించింది. నేను ఆదిలాబాద్ దిక్కు కూలికి పోయినప్పుడు నేర్చుకున్న అక్షరాలివి, తప్పులుంటే నవ్వుకో. ఫోను మామిడిచెట్టు ఎక్కితెనే అందుతది. నాకు మోకాళ్ల నొప్పి.

మన్ను పంపిన. సార్ అడిగినంక ఎట్లవడితె అట్ల పంపుతమా? మైసవ్వ రెండుసార్లు జల్లెడ వట్టింది. రాళ్లు ఒక్కొక్కటి ఏరింది. రెండు దినాలు ఎండవెట్టింది. పెద్దమనిషి చేతులకు పోయే మన్నని మీదికెల్లి చిటికెడు పసుపు సుత ఏసింది. కాయిదం మీద నా పేరు రాసిన.

ఉంట మరి, సంగన్న.

తా.క. మా ముసల్ది అడుగమంటుంది, ఆమె సంచి ఎప్పుడు తిరిగస్తదంట?


నాందేడ్,
నవంబర్ 15.

సంగన్న తాతకు కాజల్ నమస్కారాలు.

మట్టి చేరింది. పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చింది. మా ప్రయోగశాలలో విలాస్ అని ఒకాయన ఉన్నారు, ఇరవై ఏళ్ళ అనుభవం. పసుపు వల్ల సీసాలో నీళ్ళు రంగు మారితే పొద్దంతా యంత్రాన్ని తుడుస్తూ కూర్చున్నారు. రాళ్ళు ఏరకూడదు తాతా. రాళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. నేల ఎలా ఉంటే అలాగే కావాలి.

దయచేసి ఇంకొకసారి పంపండి. ఈసారి పద్ధతి ప్రకారం ఆఫీసు పత్రం కూడా జతచేశాను. మరాఠీలో ఉంది, ఎవరితోనైనా చదివించుకోండి. మైసవ్వ సంచి ఉతికి, ఇస్త్రీ చేసి, ఇందులోనే పెట్టాను.

మీ కాజల్

తా.క. పసుపు మాత్రం చాలా మంచిది. విలాస్ వాసన చూసి వసమత్ పసుపు అన్నారు. నిజమేనా?


సర్ఖని,
నవంబర్ 21.

కాజల్ బిడ్డకు సంగన్న రాసేది.

నీ కాయిదం మా పక్కింటి పోశన్నతోని సదివిచ్చిన. కింద గుండ్రం ముద్ర ఉన్నది. ‘పాత రికార్డుతోని కలిపి చూస్తరంట, ఫరక్ అస్తే నమోదు జేస్తరంట’ అన్నడు. అని ఊకున్నడా, ‘ఏం జేసినవే సంగన్నా’ అన్నడు. నేనేం జేసిన?

బిడ్డా, నాకున్నది రెండెకరాలు. మా అయ్యకు లేకుండె, మా తాతకు లేకుండె, వాళ్లు ఒకరి చెల్కల పుట్టి ఒకరి చెల్కల పోయిండ్రు. సర్కారు ఇచ్చిన ఈ రెండెకరాలకు సాత్‌బారా పట్టా కాయిదం మీద నా పేరు ఉన్నది. అది తీసి దినాం ఒకసారి చూసుకుంట. ఫరక్ ఏం లేదని సార్‌కు జెప్పు.

మూడు సంచుల మన్ను పంపుతున్న. మూడూ మంచియే. సార్‌కు ఏది మంచిగనిపిస్తే గది నాదని రాసుకోమను.

సంగన్న.

తా.క. నువ్వు పంపిన సంచి ఆమెది గాదంట. ఇస్త్రీ మంచిగ జేసిండ్రు గని, ఆమెది గాదంట.
తా.క. ఇంకొకటి. వసమత్ పసుపే. ఆయనకు ఎట్ల ఎర్కైంది?


నాందేడ్,
నవంబర్ 28.

తాతకు నమస్కారాలు.

మూడు సంచులూ తెరిచాను. ఒకటి నల్లరేగడి. మీ రెండెకరాల్లో రేగడి లేదని 1991 నుంచీ రికార్డులో ఉంది. అడిగితే విలాస్ ‘అది పక్కోని పొలం’ అన్నారు. రెండోది పుట్టమన్ను. అందులో చీమలు క్షేమంగా ప్రయాణం చేసి వచ్చి, ఇప్పుడు నా బల్ల సొరుగులో స్థిరపడ్డాయి. మూడోదానిలో బలపం ముక్క దొరికింది. అది మీ ఊరి బడి ముంగిట మట్టి అనుకుంటున్నాను.

మీరెందుకు కంగారు పడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. రికార్డు అంటే మా బీరువాలో ఉన్న దుమ్ము పట్టిన పుస్తకం, అంతే. సంగతి సర్‌కు చెప్పాను. మూడు సంచుల్లోంచీ చిటికెడు తీసి నలిపి చూశారు. తర్వాత ‘సంగన్నను ఎక్కువ సతాయించకు, నేనే పోయొస్త’ అన్నారు. డిసెంబర్ పద్నాలుగు ఆదివారం వస్తారు.

సర్ చెప్పలేదు గానీ, పని తొందరగా తెమలాలని నేనే రాస్తున్నాను. ఆయన వచ్చేసరికి చెల్కలో ఒక గొయ్యి తవ్వించి ఉంచండి. పొడుగు ఆరడుగులు, వెడల్పు మూడు, లోతు ఐదు. ఒక పక్క గోడ నిటారుగా, శుభ్రంగా ఉండాలి.

కాజల్

తా.క. గొయ్యి ముందురోజే సిద్ధంగా ఉంటే మంచిది. సర్ అందులో దిగితే గంటకు తక్కువ కాకుండా ఉంటారు.


సర్ఖని,
డిసెంబర్ 4.

కాజల్ బిడ్డకు.

కొలతలు పోశన్నకు జెప్పిన, పార అడుగుదామని. ఆరు, మూడు, ఐదు అనంగనే ఆయన తలమీది రుమాలు తీసిండు. ‘ఎవలకే’ అన్నడు. సార్‌కు అన్న. ‘సార్‌కు బాలేదా’ అన్నడు. బాగనే ఉన్నడు, దిగి గంటసేపు ఉంటడంట అన్న. గప్పటికెల్లి ఊరంత మా వాకిట్లనే కూసున్నది. మైసవ్వ ఏడ్సుడు మొదలువెట్టింది. ఏడ్సుకుంటనే అన్నది, ‘ఇగ దాసుకునుడు ఎందుకు, ఉన్నది ఉన్నట్టు రాయి’ అని.

అందుకే రాస్తున్న.

ఆ ఏడు ఆషాఢంల సార్ అచ్చిండు. సన్నగ, కట్టెలెక్క ఉండె. మా చెల్కల తవ్వి సంచి నింపుకున్నడు. గదే దినం జరమచ్చి మా మంచంల పడ్డడు. ఆయన సంచి మా దూడ నమిలింది. మన్నంత వాకిట్ల వానల గల్సిపోయింది. జరంల ఉన్న మనిషికి గా ముచ్చట ఎట్ల జెప్పాలె? మైసవ్వ అన్నది, ‘గంత దూరంకెల్లి అచ్చిండు, మనింట్లకెల్లి ఖాళీగ పోతడా?’ అని. తన పాత ఎర్ర చీర చింపి, నాడ వెట్టి సంచి కుట్టింది. ఇంటెనుక చిక్కుడు పందిరి కింద మన్ను తీసి నింపింది. ఆడ మొదలు అన్ని రాళ్లే. పన్నెండేండ్లు పొయ్యిల బూడిద, పెండ, బోళ్లు కడిగిన నీళ్లు ఆమె ఆడ్నే పోసింది. మా ఇంట్ల మంచి మన్ను గదొక్కటే. ఉన్నదాంట్ల మంచిది ఇచ్చింది.

కాయిదం మీద నా పేరు నేను రాసిన. తప్పు నాది. ఆ మన్నుతోని సార్ గంత పెద్ద సదువు సదివిండని నువ్వు రాసినంక నాకు అన్నం పోతలేదు. భూమి తీసుకుంటె తీసుకోండ్రి. మైసవ్వ పేరు మాత్రం ఏడ రాయకుండ్రి. ఆమె ఏం జేయలే, ఇంటికచ్చినోనికి మన్ను పెట్టింది.

సంగన్న.

తా.క. ముప్పై నాలుగేండ్ల సంది దినాం నన్ను అంటది, ‘నా ఎర్ర సంచి పోయె’ అని. సార్ తాన ఉంటె పంపుమను. ఆమె ఇంకొకటి అన్నది, రాయొద్దనుకున్న గని రాస్తున్న. ‘ఖాళీ సంచి అయితే పంపకుమను’ అన్నది.


నాందేడ్,
డిసెంబర్ 9.

సంగన్న తాతకు, మైసవ్వకు, పాదాలు తాకి కాజల్ రాస్తున్నది.

ముందుగా గొయ్యి సంగతి. అది ఎవరి కోసమూ కాదు. మట్టి పొరలు పక్కనుంచి కనబడాలని తవ్విస్తాం, సర్ దిగి చూసి పైకి వచ్చేస్తారు. దయచేసి పోశన్నను రుమాలు కట్టుకోమనండి. భూమి సంగతి. మీ సాత్‌బారా మీద మీ పేరు అలాగే ఉంటుంది, మా కళాశాలకు దానితో ఏ సంబంధమూ లేదు. ముద్ర వేసి మిమ్మల్ని భయపెట్టింది నేనే. క్షమించండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం సర్ ముందు కూర్చుని చదివాను. చదవడానికి నాకు భయమేసింది. ఒక మనిషి జీవితమంతా దూడ నమిలిన సంచి మీద నిలబడిందని ఆయన మొహం చూస్తూ ఎలా చెప్పను? ‘ఎర్ర చీర, నాడ’ అన్న చోట తలెత్తి చూశాను. ఏడాదిగా రోజూ చూస్తున్న సుద్దముక్కల సంచి బల్ల మీదే ఉంది. వెలిసిపోయి ఇటుక రంగుకు వచ్చింది గానీ, ఎరుపే.

సర్ లేచి బీరువాలోంచి 1991 పుస్తకం తీశారు. పదిహేడో నంబరు దగ్గర ఆయన రాత: ‘బూడిద. ఐదు చిక్కుడు గింజలు. ఇది దున్నిన నేల కాదు.’

“నాకు నాందేడ్ అచ్చిన మూడో దినమే ఎర్కైంది కాజల్,” అన్నారు. “నేను తవ్వింది రాళ్ల మన్ను. సంచిల ఉన్నది ఎవలో చేతులతోని జేసిన మన్ను. పొలం ఇడిసిపెట్టిన. కినవట్, ఉమ్రి దిక్కు రెండు వందల ఇండ్ల పెరళ్లు తిరిగిన. నా చదువంత గదే.”

ఆయన పరిశోధన పేరు ‘మనిషి చేసిన నేలలు’. నేనే టైపు చేశాను. అర్థం కావడానికి మీ ఉత్తరం కావలసి వచ్చింది.

“మరి నాలుగుసార్లు మట్టి ఎందుకు తెప్పించారు సర్?”

“మన్ను కోసమా నేనడిగింది? ఎవలు తీసిండ్రో రాయమన్న. నాలుగుసార్లు సంగన్ననే దస్కత్ జేసిండు.”

“నేరుగా అడగొచ్చు కదా?”

“జరంల గటక పోసి బతికిచ్చినోళ్లను, సంచి ఎందుకు మార్చిండ్రని ఎట్ల అడుగుత?” అన్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

మీరు ఆయన్ను నొప్పించకూడదని, ఆయన మిమ్మల్ని నొప్పించకూడదని ముప్పై నాలుగేళ్ళు. మధ్యలో పొద్దంతా యంత్రం తుడిచింది మా విలాస్.

ఇప్పుడు మొదటి పేజీ నిండింది. ‘నా మొదటి గురువు’ అన్న చోట ఇన్నాళ్ళూ ఖాళీ గీత ఉండేది. మైసవ్వ పేరు ఎక్కడా రాయొద్దన్నారు మీరు. ఆ ఒక్కటీ సర్ ఒప్పుకోవడం లేదు. ఆ గీత మీద ‘మైసవ్వ, సర్ఖని’ అని తన చేత్తోనే రాశారు. మైసవ్వ వద్దంటే చెరిపేస్తారట, కానీ ఆమె ఎదురుగా చెప్పాలట.

ఆదివారం కినవట్ బస్సుకు వస్తున్నాం. నేనూ వస్తున్నాను, నాకు ఆ చిక్కుడు పందిరి చూడాలనుంది. సంచి పోస్టులో పంపరు, సర్ స్వయంగా తెస్తారు. ఖాళీగా కాదు. ఆ ఐదు గింజల్లో రెండు అప్పుడే క్వార్టర్ వెనక నాటారట. ముప్పై నాలుగేళ్ళుగా మా కళాశాలలో సగంమంది తింటున్న చిక్కుడుకాయ మైసవ్వదేనని నిన్ననే అందరికీ తెలిసింది. సంచి నిండా ఆ గింజలే తెస్తున్నారు.

ఉంటాను,
మీ కాజల్

తా.క. గొయ్యి తవ్వేసి ఉంటే పూడ్చకండి. సర్ ఎలాగూ దిగుతారు.
తా.క. సంచి ఇచ్చేస్తే ఇక సుద్దముక్కలు ఎందులో పెట్టుకుంటారని అడిగాను. “మైసవ్వ తాన ఇంకో పాత చీర ఉండదా?” అన్నారు.