గడువు దాటిన రెండు వందల పద్నాలుగు మంది

లక్డారం,
ఫిబ్రవరి 11

ప్రియమైన తమ్ముడు తాజ్ మొహమ్మద్‌కు,

దేవుని శాంతి, సమాధానం నీకూ, మా మరదలు సబియాకూ తోడుండాలి. ఫోన్‌లో అయితే నేను గొంతు పెంచుతాను, నువ్వు కట్ చేస్తావు. అందుకే కాగితం మీద రాసి, ఇమ్తియాజ్ జిరాక్స్ షాపులో ఫోటో తీయించి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి.

జర్మనీలో నువ్వు పనిచేస్తున్న మన తల్లి కంపెనీ దివాలా తీసిందని నువ్వు చెప్పిన రోజే అనుకున్నాను, ఆ మంట పటాన్‌చెరు దాకా వస్తుందని. వచ్చింది. మనిద్దరం పనిచేసి అన్నదమ్ములమైన వాల్వుల ఫ్యాక్టరీ గేటుకు కాగితం అంటించారు. హైదరాబాదు ట్రిబ్యునల్ దివాలా లెక్కలు చూడడానికి ఒక అధికారిని కూర్చోబెట్టింది. ఆర్పీ అంటున్నారు. తాళాలు, పుస్తకాలు అన్నీ ఆయన చేతిలోనే. పదకొండు నెలల జీతం రావలసినవాళ్లం రెండు వందల పద్నాలుగు మందిమి. తొంభై రోజుల్లో ఫారాలు నింపి, సంతకాలు పెట్టి ఇవ్వాలట.

సంతకమట! పదిహేనేళ్ల కింద బొంతపల్లి దగ్గర తీగల ఫ్యాక్టరీ మూసినప్పుడు మా చేత తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత వాటినే రాజీనామాలని చూపించి ఉత్తచేతులతో పంపారు. ఆ వరుసలో నేనూ ఉన్నాను. అది నీకు తెలుసు.

ఈ ఆదివారం నేను పాస్టరుగా ఉన్న మా రేకుల షెడ్డు మందిరంలో, ఫారాలు ఇవ్వమని తెలుగు పేపర్లో వచ్చిన ప్రకటనను పైకెత్తాను. "బైబిల్ల లాబాను మామ యాకోబు జీతం పదిసార్లు మార్చిండు! ఈ లాబాను పదకొండోసారి మార్చనీకె మన సంతకం అడుగుతుండు! ఎవ్వరూ పెట్టొద్దు!" అని రెండు ముక్కలు చేశాను. గుడికి పోయేవాళ్లు, నమాజుకు పోయేవాళ్లు కూడా వాకిట్లో నిలబడి విన్నారు. ఒక్కరూ పెట్టరు, చూస్తుండు.

ప్రభువులో నీ అన్న,
ప్రభాకర్


ఫిబ్రవరి 14

ప్రభాకరన్నకు సలాం.

నీ ఉత్తరం చదివి సబియా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అన్నా, ఆనాడు సంతకం అడిగింది సేటు. ఈనాడు అడుగుతున్నది కోర్టు పెట్టిన మనిషి. ఆయన మన సేటూ కాదు, లాబానూ కాదు. ఎవరికి ఎంత బాకీ ఉందో రాసుకోవడం ఆయన పని. మనం అడగకపోతే ఆయన రాయడు.

ఇక్కడి పద్ధతి వేరు. కంపెనీ మునిగితే మూడు నెలల జీతం సర్కారే ఇచ్చింది. మిగతాది కోర్టు మనిషి దగ్గర రాయించాం. గడువు దాటినవాళ్లు కొంత రుసుము కట్టి తర్వాత కూడా రాయించుకోవచ్చు. మన దేశంలో అంత మెత్తగా లేదు. కొనేవాడి పథకానికి బ్యాంకుల కమిటీ ఓటేసిందంటే, అందులో లేని బాకీ మట్టిలో కలిసినట్టే. పటాన్‌చెరు వాళ్ల జీతాలు ఇక్కడి ఆస్తిలోంచి ఇవ్వరా అని నేను అడిగాను. "అది వేరే కంపెనీ, వేరే దేశం" అన్నారు. మనం పోసిన వాల్వులు మాత్రం వాళ్లవే, చూడు.

నీ కాళ్లు పట్టుకుంటా. ఫారాలు నింపించు.

నీ తమ్ముడు,
తాజ్


ఫిబ్రవరి 19

తమ్ముడా,

మూడు నెలల జీతం సర్కారు దగ్గర తిని మాట్లాడేవాడికి ధైర్యం బాగానే ఉంటుంది. నా మంద నా మాట వింటుంది. నువ్వు నాకు చట్టం నేర్పకు.

ప్రభాకర్


మే 21

ప్రియమైన తాజ్‌కు,

మూడు నెలలు నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. తప్పు నాది. నీ ముందు మోకాళ్ల మీద ఉన్నాననుకో.

గడువు పోయింది. పుణె కంపెనీ ఒకటి ఫ్యాక్టరీని కొంటుందట. వచ్చే నెల బ్యాంకుల కమిటీ ఓటేస్తుంది. మొన్న ఆర్పీ ఆఫీసుకు పోయాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "బ్యాంకులు వచ్చాయి, ఇసుక వేసినవాడు వచ్చాడు, టీ పొడి వేసినవాడు కూడా వచ్చాడు. మీరెందుకు రాలేదు?" అని అడిగాడు. నేను పేపరు చింపిన సంగతి దాచి లేచి వచ్చేశాను తమ్ముడా. నేను!

క్యాంటీన్‌లో వండే మొగులమ్మ ఉంటున్న గదికి కిరాయి కట్టలేదని తాళం వేశారు. ఆమె గిన్నెలు, బట్టలు మందిరంలో ఒక మూలన ఉన్నాయి. మౌల్డింగ్ సోమయ్య భార్య మందులు ఆపేసింది. ఆదివారం వాళ్లంతా వస్తారు, కూర్చుంటారు, ఏమీ అడగరు. ఆ అడగకపోవడమే నేను మోయలేకపోతున్నాను. ఏదైనా దారి ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు.

ప్రభాకర్


మే 22

అన్నా,

ఏడవకు. దారి ఉంది, ఇరుకుది. కమిటీ ఓటు పడకముందే, ఆలస్యానికి కారణం చెప్పి ట్రిబ్యునల్‌ను వేడుకోవచ్చట. నాకు తెలిసిన వకీలు సునంద మేడమ్ సంగారెడ్డి ఆమే. నీకు ఫోన్ చేస్తుంది. కారణం గట్టిగా ఉండాలని చెప్పింది.

ఇక్కడ కూడా మా ఫ్యాక్టరీ సగం అమ్ముడుపోయింది. నేను పనిచేసే సగం కాదు. ఈ మాట మా అమ్మ బేగంబీకి చెప్పకు.

తాజ్


జూన్ 3

తమ్ముడా,

అందరి ఫారాలతో పాటు ఇవ్వడానికి సునందమ్మ కాగితం తయారుచేసింది. అందరి తరఫున నేనే ప్రమాణం చేసి ఇవ్వాలి. అందులో ఏముందో తెలుసా? "పేపర్లో వచ్చిన ప్రకటన కార్మికులెవరి దృష్టికీ రాలేదు."

నేను వద్దన్నాను. "మేడమ్, నేను చదివిన. మంద ముందర చింపిన. దేవుని పేరు మీద అబద్ధం ఆడలేను" అన్నాను.

మొగులమ్మ అక్కడే ఉంది. "అయ్యగారూ, చింపేటప్పుడు దేవుడు గుర్తుకు రాలేదా? మీ సత్తెం మీరు కడిగి పెట్టుకుంటే మా కుండల బువ్వ ఉడుకుతదా? పెట్టున్రి సంతకం" అన్నది.

పెట్టాను. బైబిల్లో ఆకాను ఒక్కడు దోచి దాచుకున్నందుకు దండు మొత్తం ఓడింది. ఆ ఆకాను నేనే. ఆదివారం ప్రసంగం చెయ్యలేదు. పాటలు పాడించి పంపేశాను.

ప్రభాకర్


జూన్ 14

ప్రియమైన తాజ్‌కు,

నిన్న విచారణ జరిగింది. మొగులమ్మ, సోమయ్య, నా భార్య ముత్యమ్మ, ఇంకా ఇరవై మంది వెనక నిలబడ్డారు. పుణె కంపెనీ వకీలు లేచి, ప్రకటన తెలుగు పేపర్లో కూడా వచ్చిందనీ, ఇంతమందిలో ఒక్కరూ చదవలేదంటే ఎలా నమ్మాలనీ అడిగాడు. తీర్పు చెప్పే ట్రిబ్యునల్ మెంబరు గారు నా వైపు చూసి తెలుగులోనే అన్నారు: "మీరే చెప్పండి. ఎవరూ చూడలేదా?"

అవునంటే చాలు. సునందమ్మ కళ్లతోనే బతిమాలుతోంది. మీరు యూనుస్ నబీ అంటారే, ఆ యోనా ఓడలో పడుకొని ఉంటే చుట్టూ తుఫాను లేచింది. తుఫాను తన వల్లనే అని అతనికి తెలుసు. ఓడలో మిగతావాళ్లకు తెలియదు.

"అయ్యా, నేను చూసిన. చదివిన. వీళ్ల ముందర పట్టుకొని చింపేసిన. సంతకం పెడితె మోసపోతరని నేనే చెప్పిన. వీళ్లు చదవలే, నన్ను నమ్మిండ్రు. ఈ కాగితంల రాసింది అబద్ధం. ఆలస్యం నాది" అన్నాను.

సునందమ్మ తల దించుకుంది. వెనక మొగులమ్మ నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. అంతా అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం తర్వాత ఆర్డరు చదివారు. సునందమ్మ తెలుగులో చెప్పింది. ఒక మనిషిని నమ్మి ఆగినవాళ్లకు తగిన కారణం ఉంది, రెండు వందల పదమూడు మంది బాకీలు తీసుకోవాలి. ప్రకటన చదివి, తెలిసి ఆగినవాడికి ఏ కారణమూ లేదు. నా ఒక్కడి ఫారం కొట్టేశారు. పైగా తప్పుడు ప్రమాణానికి సంజాయిషీ రాసివ్వాలట.

ఆ రెండు వందల పదమూడు మందికైనా ఎంత వస్తుందో తెలియదు. కొత్తవాళ్లు తొంభై మందినే ఉంచుకుంటారట. అందులో నా పేరు ఉండదు. నాకు యాభై మూడేళ్లు. మన ఇలాకాలో నన్ను పెట్టుకునే భట్టీ ఇంకొకటి లేదు.

మొగులమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా చేతిలోని సంచీ తీసుకొని బస్సు దాకా మోసింది.

పటాన్‌చెరులో దిగాక ముత్యమ్మ చెప్పింది: "ఇరవై నాలుగేండ్ల సంది నీ ప్రసంగాలు వింటున్న. గంత చిన్న ప్రసంగం ఎన్నడూ చెయ్యలే. గంత పిరమైంది, గంత ఖరీదు పడ్డది గూడ ఎన్నడూ చెయ్యలే."

నీ అన్న,
ప్రభాకర్